మా బడిలో ముగ్గురు కుళ్లాయప్పలు: ఈ ‘కుళ్లాయి’ యాడినుంచి వచ్చింది?

శింగనమల_చెరువు | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. అనంతపురం దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా తొమ్మిదో తరగతి హాజరుపట్టీలో ముగ్గురు కుళ్లాయప్పలు, ఒక కుళ్లాయమ్మ ఉన్నారు. ఇంటిపేరు అక్షరం కలిపి పిలవకపోతే ముగ్గురూ ఒకేసారి లేచి నిలబడతారు. మొన్న వాళ్లలో చిన్నోడు అడిగాడు, "సార్, వెంకటేశు అంటే అర్థముంది, నరసింహులు అంటే అర్థముంది, నా పేరుకు అర్థమేంది?" అని. గూగూడు పీరు కుళ్లాయిస్వామి పేరు నాయనా, మీవాళ్లు మొక్కుకొని పెట్టింటారు అన్నాను. "మరి ఆ స్వామికి ఆ పేరెందుకు వచ్చింది సార్?" అన్నాడు. రేపు చెప్తా అని తప్పించుకున్నాను, అది జరిగి వారమైంది, ఆ పిల్లోడు రోజూ నా ముఖం చూస్తున్నాడు.

కుళ్లాయి అంటే టోపీ అని తెలుసు. శ్రీనాథుడి చాటువు కూడా గుర్తొచ్చింది, "కుళ్ళాయుంచితి, కోక చుట్టితి, మహాకూర్పాసముం దొడ్గితిన్" అని మొదలయ్యేది, "తల్లీ కన్నడరాజ్యలక్ష్మీ, దయలేదా, నేను శ్రీనాథుడన్" అని ముగిసేది. విజయనగరంలో ప్రౌఢదేవరాయల కొలువుకు పోయి, అక్కడి వేషం కట్టి, వెల్లుల్లి తిని, అంబలి తాగి పడ్డ కష్టం. ముప్పై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను గానీ ఆ టోపీ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆయన తలమీద పెట్టుకున్న కుళ్లాయి, గూగూడు కుళ్లాయి ఒకటేనా? దీనిమీద ఎవరైనా పరిశోధన చేశారా? తెలిసినవాళ్లు చెప్పండి, పిల్లోడికి సరైన జవాబు ఇవ్వాలి.

ధర్మవరం_మగ్గం | శనివారం రాత్రి 9:40

సార్, పరిశోధన సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో ఇప్పటికీ కుళ్లాయి అనే అంటాం, పసిబిడ్డకు పెట్టేదానికి. మా జేజి కుట్టేది. పాత పట్టుచీర చెంగు మెత్తగా ఉంటుందని అదే తీసుకునేది. రెండు చెవులూ కప్పేటట్టు కిందికి దింపి, గడ్డం కింద కట్టుకునేందుకు రెండు తాళ్లు, నెత్తిన ఒక చిన్న కుచ్చు. లోపల తెల్ల మల్లుగుడ్డ అస్తరు, ఎందుకంటే జరీ బిడ్డ నెత్తికి గుచ్చుకుంటుంది. పురుటింటి నుంచి బిడ్డను తెచ్చేటప్పుడు కుళ్లాయి లేకుండా గడప దాటనిచ్చేది కాదు. నా తమ్ముడిది ఇంకా పెట్టెలో ఉండాలి, వెతుకుతాను.

మడకశిర_చింతచెట్టు | శనివారం రాత్రి 9:58

మా పక్క కన్నడం కలిసిన తెలుగు గదా, మేము కులావి అంటాం. అదే పసిబిడ్డ టోపీనే. కన్నడంలో అంతా కులావి అనే అంటారు. పెద్దోళ్లు పెట్టుకునేదాన్ని మాత్రం ఎవరూ కులావి అనరు, అది టోపీ. రాజులు పెట్టుకున్న మాట చివరికి పసిబిడ్డల నెత్తిమీద మిగిలిందంటే ఆశ్చర్యంగా ఉంది.

రేనాటి_రాయి | శనివారం రాత్రి 11:25

మాస్టారూ, చాలా మంచి ప్రశ్న. ఇది నేను పీహెచ్‌డీ చేయాలనుకున్న విషయానికి దగ్గరగా ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికతో చదవండి.

కుళ్లాయి పారశీకంలోని కులాహ్ నుంచి వచ్చింది, టోపీ అనే. బ్రౌన్ నిఘంటువులోనూ టోపీ అనే ఉంది, ఆంధ్రభారతి సైటులో ఎవరైనా చూడొచ్చు. దీనికి తోడు ఇంకో మాట ఉంది, కబాయి. అంటే పొడుగాటి అంగీ, అరబ్బీలో ఖబా. ఈ రెండు మాటలు పట్టుకొని ఫిలిప్ వాగనర్ అనే అమెరికన్ పండితుడు 1996లో జర్నల్ ఆఫ్ ఏషియన్ స్టడీస్‌లో ఒక పెద్ద వ్యాసం రాశాడు. వ్యాసం పేరులో ఉన్న మాటలకు అర్థం ‘హిందూ రాజుల్లో సుల్తాను’ అని. అది విజయనగర రాజుల బిరుదు, శాసనాల్లో ‘హిందూరాయ సురత్రాణ’ అని కనిపిస్తుంది. సురత్రాణ అనేది సుల్తాన్ అనే మాటను సంస్కృతంలో పలికిన తీరు, పైగా సురలను కాపాడేవాడు అనే అర్థం కూడా వచ్చేటట్టు కుదిరింది. ఆ మాట ఎంచుకున్న పండితుడెవరో గానీ, భాష బాగా తెలిసినవాడు.

వాగనర్ చెప్పేది ఏమిటంటే, అంతకుముందు దక్షిణాది రాజు బొమ్మ చూస్తే పైన గుడ్డ ఉండదు, పంచె, నగలు, కిరీటం. ఒళ్లు కనిపించడమే అందం, అదే రాచఠీవి. సుల్తానుల లోకంలో అట్లా కాదు, ఒళ్లంతా కప్పుకోవడమే మర్యాద. ఢిల్లీ నుంచి ఈజిప్టు దాకా దొరలు కొలువులో పొడుగు అంగీ, తలకు టోపీ వేసుకుంటారు, రాజు మెచ్చి ఇచ్చే బహుమానం కూడా వస్త్రమే. విజయనగరం రాజులు ఆ లోకంతో గుర్రాల వ్యాపారం చేశారు, రాయబారాలు నడిపారు, యుద్ధాలు చేశారు. వాళ్ల మధ్య సమానంగా నిలబడాలంటే ఆ కొలువు వేషం కట్టాలి. కట్టారు. మతం మారలేదు, పూజలు మారలేదు, విరూపాక్షుడి పేరుతోనే సంతకం పెట్టారు.

దీనికి కళ్లారా చూసినవాళ్ల సాక్ష్యం ఉంది. ఫెర్నావో నూనిజ్ అని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి, 1535 ప్రాంతంలో విజయనగరం గురించి రాశాడు. రాజు ఒకసారి వేసుకున్న బట్ట మళ్లీ వేసుకోడట, తలకు జరీ టోపీ పెట్టుకుంటాడట, వాటిని ‘కులాయ్’ అంటారట, ఒక్కోటి ఇరవై క్రుజాడోల ఖరీదట, తలమీద నుంచి ఒకసారి తీస్తే మళ్లీ పెట్టుకోడట. క్రుజాడో అంటే పోర్చుగీసు బంగారు నాణెం. అంటే మన కుళ్లాయి అనే మాటను ఆ కాలంలోనే ఒక పోర్చుగీసువాడు చెవితో విని రాసిపెట్టాడు! రాబర్ట్ సూయల్ 1900లో దాన్ని ఇంగ్లీషులో అచ్చువేశాడు, ఇప్పుడు ఆ పుస్తకం నెట్‌లో ఉచితం.

శింగనమల_చెరువు | ఆదివారం ఉదయం 6:50

అమ్మా, రాత్రి చదివి నిద్ర పట్టలేదు. చాటువులో కోక, కూర్పాసం (అంగీ) ఎందుకు వచ్చాయో ఇప్పుడు బోధపడింది. కవి కొలువుకు తగిన వేషం కట్టి పోయాడు, అయినా రాజు దయ చూడలేదని ఏడుపు. నేను ఇన్నాళ్లూ పిల్లలకు ‘ఏదో వింత బట్టలు’ అని చెప్పి దాటేశాను.

కరణం_మనవడు | ఆదివారం ఉదయం 8:15

మాది కడప పక్క, కమలాపురం. రేనాటి అమ్మాయి చెప్పిందంతా బాగుంది, ఒక్క జాగ్రత్త చెప్పాలి. చాటువును శాసనంలాగా వాడకూడదు. చాటువులు నోటి మీద నడిచినవి, ఎవరు చెప్పారో ఎప్పుడు చెప్పారో ఖాయంగా పట్టుకోలేం, ఒక్కో ఊళ్లో ఒక్కో పాఠం. శ్రీనాథుడి పేరుతో తిరిగేవి అన్నీ శ్రీనాథుడివి కావు. అయితే ఒకటి, విజయనగరం కొలువు అనగానే ముందు కుళ్లాయి గుర్తుకు రావడం మాత్రం గట్టి సాక్ష్యమే, జనం మనసులో ఆ కొలువు రూపం అట్లా ఉండేది అని.

మా తాత కరణం. ఆయన రాసిన లెక్కల కట్టలో కూడా సగం మాటలు పారశీకమే, జమాబందీ, దుంబాలా, కైఫీయతు. కంపెనీ సర్వేయరు మెకంజీ దొర కోసం కావలి సోదరులు మన ఊళ్ల చరిత్రలు రాయించి పోగుచేశారు గదా, ఆ చరిత్రలకు పెట్టిన పేరే కైఫీయతు. దాని పేరే అరబ్బీ, పారశీకం మీదుగా మనదాకా వచ్చింది. లోపల ఉన్నది ముక్కంటి కాడువెట్టి కథ, అడవి కొట్టి ఊరు కట్టిన కథ, గుడి మాన్యాల లెక్క. మాట ఎక్కడిదైనా విషయం మనది.

బురుజు_కర్నూలు | ఆదివారం ఉదయం 10:05

ఒక్క నిమిషం. నేను కొంచెం వేరుగా అంటాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. అమెరికా వాళ్లు రాసిన ఈ వ్యాసాల్లో అంతా కలిసిమెలిసి బట్టలు మార్చుకున్నట్టే ఉంటుంది. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనల చేతిలో పడినప్పుడు ఏం జరిగింది? విలస తామ్రశాసనం చదవండి, ప్రోలయ నాయకుడి కాలంది, గుళ్లు పడగొట్టడం, అగ్రహారాలు లాక్కోవడం, బ్రాహ్మణులను హింసించడం అంతా రాసి ఉంది. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత హంపీ గతి అందరికీ తెలుసు. టోపీ పెట్టుకున్నంత మాత్రాన అవన్నీ చెరిగిపోతాయా? మన తలపాగా, మన కిరీటం ఏమైంది? తక్కువతనంతో పక్కవాడి వేషం కట్టారు అని ఎందుకు అనకూడదు?

రేనాటి_రాయి | ఆదివారం మధ్యాహ్నం 1:30

అన్నా, మీ ప్రశ్న న్యాయమైందే. విలస శాసనాన్ని ఎవరూ దాచిపెట్టలేదు. సింథియా టాల్బట్ అనే చరిత్రకారిణి 1995లో ఒక వ్యాసంలో ఆంధ్ర శాసనాలను కాలక్రమంలో పెట్టి, తురుష్కుల గురించి ఎప్పుడు ఎట్లా రాశారో చూసింది. విలస శాసనం లాంటి తీవ్రమైన భాష ఎక్కువగా తొలి ఘర్షణ కాలంలో, సరిహద్దు కదిలే కాలంలో వస్తుంది. రాజ్యాలు కుదురుకున్నాక అదే తురుష్క ప్రభువును ‘అశ్వపతి’ అని రాయడం మొదలవుతుంది. గుర్రాల దొర అశ్వపతి, ఒడిశా ప్రభువు గజపతి, విజయనగరం వాడు నరపతి. ముగ్గురూ సరిజోడు రాజులు అన్నట్టు. రాక్షసుడు అన్నదీ మన వాళ్లే, అశ్వపతి అన్నదీ మన వాళ్లే. రెండూ నిజమే, కాలం వేరు, అవసరం వేరు. ఆమె చేసింది పొగడటమూ కాదు, తిట్టడమూ కాదు, తేదీలు పక్కన పెట్టి చదివింది.

ఇక తక్కువతనం అన్నారు. బెదిరి వేషం కట్టినవాడు ‘హిందూ రాజుల్లో సుల్తాను’ అని బిరుదు రాయించుకుంటాడా? అది నేనూ మీకు తీసిపోను అనే మాట. మనవాళ్లు కోటు వేసుకొని కోర్టుకు పోతే ఇంగ్లీషువాడికి లొంగినట్టా? అందులో కొందరు ఆ కోటుతోనే వాడిని ఎదిరించారు.

బురుజు_కర్నూలు | ఆదివారం మధ్యాహ్నం 2:10

కోటు మాట ఒప్పుకుంటాను. అశ్వపతి సంగతి నాకు కొత్త. గజపతి, నరపతి విన్నాను గానీ మూడోవాడు ఎవరని ఎప్పుడూ అడగలేదు. ఆ వ్యాసం ఎక్కడ దొరుకుతుంది?

రేనాటి_రాయి | ఆదివారం మధ్యాహ్నం 2:25

జేస్టోర్ అని పరిశోధన వ్యాసాల సైటు ఉంది, అందులో ఉచిత ఖాతా తెరిస్తే చాలా వ్యాసాలు ఆన్‌లైన్‌లోనే చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ మాత్రం డబ్బులు అడుగుతుంది. ముందు వాగనర్ చదవండి, తర్వాత టాల్బట్. ఆమె 2001లో కాకతీయుల కాలం ఆంధ్ర మీద పెద్ద పుస్తకం కూడా రాసింది, శాసనాలే ఆధారంగా. అందులో నాకు బాగా నచ్చింది, ఆ శాసనాల్లో మనుషులు కులం పేరు చెప్పుకోవడం చాలా తక్కువ, రెడ్డి, బోయ, నాయకుడు, సెట్టి అని చేసే పనినీ హోదానూ చెప్పుకుంటారు, అవి కూడా ప్రతిసారీ తండ్రి నుంచి కొడుక్కు వచ్చేవి కావు అని చూపించడం. మన ఊళ్లలో ఇది గట్టిగా చదివి వినిపించాలి అనిపిస్తుంది.

నల్లరేగడి | ఆదివారం సాయంత్రం 4:00

చదివే ఓపిక ఉంది గానీ ఇంగ్లీషు అంత రాదు. ఇవన్నీ తెలుగులో ఎందుకు లేవు? మన గుడి మీద, మన టోపీ మీద, మన పీర్ల మీద రాసింది మేము చదవలేకపోతే ఎట్లా?

రేనాటి_రాయి | ఆదివారం సాయంత్రం 5:20

ఈ మాటే నాకూ గుచ్చుకుంటుంది. నా సంగతి చెప్తాను. ఎం.ఏ. అయ్యాక పీహెచ్‌డీకి నేను పెట్టిన టాపిక్ ఇదే, రాయలసీమ గుడి చిత్రాల్లో, శిల్పాల్లో మనుషుల వేషం. మా గైడు (యూనివర్సిటీ పేరు వద్దు) కాగితం చూసి "బట్టల మీద, టోపీల మీద పరిశోధన ఏందమ్మా, రాజవంశాలో పన్నుల విధానమో తీసుకో" అన్నారు. ఆ రోజు బస్సులో కడప దాకా ఏడుస్తూ వచ్చాను. పన్నుల మీద పని తక్కువది అనను, జపాన్ నుంచి వచ్చిన నొబోరు కరషిమా తమిళ శాసనాల్లో పన్ను మాటలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, ఏ జిల్లాలో ఏ కాలంలో ఏ మాట వచ్చిందో పట్టికలు వేసి, సుబ్బరాయలు గారితో కలిసి చోళ శాసనాల్లోని పేర్లన్నిటికీ మూడు సంపుటాల సూచిక చేశాడు, 1978లో. ఎక్కడో టోక్యోలో పుట్టిన మనిషి తమిళం నేర్చుకొని రాళ్లమీది పేర్లు లెక్కపెట్టాడు. ఆ పద్ధతినే టోపీకి వాడితే తప్పేముంది? పన్ను మాటను లెక్కపెట్టినట్టే ఏ గుడిలో ఎన్ని తలలకు కుళ్లాయి ఉంది, ఎన్ని తలలకు లేదు, ఏ బొమ్మ ఏ కాలంది అని లెక్కపెట్టాలి. నేను చేయాలనుకున్నది అదే. ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీలో చెబుతున్నాను. టాపిక్ వదల్లేదు, సెలవుల్లో గుడి గుడికీ పోయి రాసుకుంటూనే ఉన్నాను.

కరణం_మనవడు | ఆదివారం సాయంత్రం 5:45

అమ్మా, వదలొద్దు. మా ఇంట్లో పరబ్రహ్మశాస్త్రి గారు పరిష్కరించిన కడప జిల్లా శాసనాల సంపుటాలు మూడూ ఉన్నాయి, మా నాయన కొన్నవి. ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి చూసుకో. మా ఆవిడ భోజనం కూడా పెడుతుంది.

హిందూపురం_అక్క | ఆదివారం రాత్రి 8:30

లేపాక్షి పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేంది! పాత అనంతపురం జిల్లా, ఇప్పుడు సత్యసాయి జిల్లా. మా ఇంటి నుంచి పదిహేను కిలోమీటర్లు. అచ్యుతరాయల కాలంలో పెనుకొండ విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ కట్టించిన వీరభద్రుడి గుడి. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫొటో తీసుకొని వెళ్లిపోతారు అందరూ, తల పైకెత్తరు. మెడ నొప్పి పుట్టినా సరే ఒక్కసారి కప్పు చూడండి. లోపలి మండపంలో వీరభద్రుడి పెద్ద బొమ్మ, దాని పక్కనే విరూపణ్ణ, వీరణ్ణ పరివారంతో విభూతి అందుకుంటూ ఉంటారు. వాళ్ల తలలు చూడండి. కోసుగా, ఎత్తుగా, వెనక్కి కొంచెం వంగినట్టు ఉండే టోపీలు. అవే కుళ్లాయిలు. నేను చిన్నప్పటి నుంచి వంద సార్లు పోయింటాను, ‘పాతకాలం వాళ్ల కొప్పులు’ అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆడవాళ్ల చీరలైతే చూసిన కొద్దీ చూడబుద్ధి అవుతుంది. చారలు, గళ్లు, పూలు, చుక్కలు, ఒకదానికొకటి పోలిక లేదు. ధర్మవరం తమ్ముడు కాగితం, పెన్సిలు తీసుకొని పోతే ఆరు నెలలకు సరిపడా డిజైన్లు దొరుకుతాయి.

ధర్మవరం_మగ్గం | ఆదివారం రాత్రి 8:52

అక్కా, లేపాక్షి అంచు అని మా దగ్గర ఇప్పటికే నేస్తారు. కానీ కప్పు మీద ఉన్నదాన్ని చూసి నేసేవాళ్లకన్నా పక్క మగ్గం చూసి నేసేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం ఈసారి దుర్భిణీ తీసుకొని పోతాను.

కరణం_మనవడు | ఆదివారం రాత్రి 9:30

లేపాక్షితో పాటు తిరుమలలో కృష్ణదేవరాయల రాగి విగ్రహం గుర్తు చేసుకోండి. పక్కన తిరుమలదేవి, చిన్నాదేవి, చేతులు జోడించి నిలబడ్డారు. రాయలవారి ఒంటి మీద అంగీ లేదు, పంచె, నగలే. దేవుడి ముందు పాత సంప్రదాయం. కానీ తలమీద చూడండి, ఎత్తైన కోసు టోపీ! ఎన్నిసార్లు తిరుమలకు పోయామో, ఎంతమందిమి చూశామో. డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు కూడా కృష్ణరాయల తలమీద జరీ టోపీ ఉందని, కాళ్లకు చెప్పులు లేవని రాసిపెట్టాడు, ఆయన చూసింది 1520 ప్రాంతంలో.

బురుజు_కర్నూలు | ఆదివారం రాత్రి 10:15

ఇది నన్ను కదిలించింది. దేవుడి ముందు ఒంటిమీద అంగీ వద్దనుకున్నాడు, కుళ్లాయి మాత్రం ఉంచుకున్నాడు. అంటే అప్పటికి అది ఆయనకు పరాయి వస్తువు కాదు. పొద్దున నేను రాసిన ‘తక్కువతనం’ మాట వెనక్కి తీసుకుంటున్నాను. విలస శాసనం మాట మాత్రం తీసుకోను, అదీ ఉండాలి చరిత్రలో.

రేనాటి_రాయి | ఆదివారం రాత్రి 10:20

ఉండాల్సిందే అన్నా.

నార్పల_రోడ్డు | సోమవారం ఉదయం 7:05

మా అమ్మగారి ఊరు గూగూడు. ఇంత చర్చలో గూగూడువాళ్లెవరూ మాట్లాడలేదని రాస్తున్నాను. మేము దూదేకులవాళ్లం. మొహర్రం వచ్చిందంటే మా తాత పది రోజులూ ఫకీరు వేసుకొనేవాడు. చేతికి ఎర్రదారం, చెప్పుల్లేకుండా నడక, కటిక నేల మీద పడక, ఇంట్లో మాంసం ఊసు లేదు. మా పక్కింటి రెడ్డిగారూ అంతే, పక్క వీధి బోయవాళ్లూ అంతే. పీర్ల చావిడి ముందు గుండం తవ్వి కట్టెలు పేరుస్తారు, నిప్పులు ఎర్రగా కాలేటప్పుడు ఆ వేడి ఇరవై గజాల దూరం దాకా ముఖానికి కొడుతుంది. పీరు బయటికి లేచినప్పుడు జనం పిలిచే పిలుపు వినాలి, ఒళ్లు జలదరిస్తుంది. చక్కెర చదివిస్తారు, ఊదు వేస్తారు. పక్కనే ఆంజనేయస్వామి గుడి, అక్కడ టెంకాయ కొట్టి ఇక్కడికి వస్తారు, ఇక్కడ చదివించి అక్కడికి పోతారు. ఎవరూ ఎవరినీ అడగరు నువ్వెవరని.

మాస్టారి శిష్యుడికి నేను చెప్పేది, బిడ్డలు లేనివాళ్లు, పుట్టిన బిడ్డలు దక్కనివాళ్లు స్వామికి మొక్కుకుంటారు. పుడితే నీ పేరు పెట్టుకుంటాం అని. అందుకే మన జిల్లాలో ఇంతమంది. వాడు వాళ్లమ్మను అడిగితే వాడికోసం ఎవరు మొక్కుకున్నారో చెబుతుంది.

రేనాటి_రాయి | సోమవారం ఉదయం 7:40

అన్నా, మీరు రాసింది చదువుతుంటే పుస్తకం గుర్తొచ్చింది. కవి అఫ్సర్ గారు, అఫ్సర్ మహమ్మద్, గూగూడు మీదే 2013లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకం రాశారు, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. పీర్ల పండగ, ఫకీరు వేయడం, కుళ్లాయప్ప కథలు, హిందువులు ముసల్మానులు కలిసి చేసే మొక్కుబడి అన్నీ ఉన్నాయి. ఇది అసలు ఇస్లాం కాదు, మానుకోండి అని బయట నుంచి వచ్చి చెప్పేవాళ్ల మాటలు, దానికి ఊరివాళ్లు ఇచ్చే జవాబులు కూడా రాశారు. ఒక చిన్న ఊరి పండగ మీద అంత ఓపికగా కూర్చొని, జనం చెప్పింది చెప్పినట్టు విన్నారు.

నార్పల_రోడ్డు | సోమవారం ఉదయం 8:00

విన్నాను, చదవలేదు. మా ఊళ్లో చాలామంది చదివి ఉండరు. తెలుగులో వస్తే పీర్ల చావిడిలోనే పెట్టి చదివిస్తాం. మానుకోండి అనేవాళ్లు నిజమే, మా ఇంట్లోనే ఇద్దరు పిల్లలు ఇప్పుడు గుండం దగ్గరికి రారు. వాళ్లను తిట్టను. మా అమ్మ మాత్రం ప్రతి సంవత్సరం వాళ్ల పేరు మీద కూడా చక్కెర చదివిస్తుంది.

మడకశిర_చింతచెట్టు | సోమవారం ఉదయం 8:30

అయితే అసలు ప్రశ్న మిగిలింది. విజయనగరం కుళ్లాయి, గూగూడు కుళ్లాయి ఒకటేనా?

కరణం_మనవడు | సోమవారం ఉదయం 9:10

మాట ఒకటే. దారి ఒకటే అనడానికి లేదు. కొలువు టోపీ రాజుల ద్వారా వచ్చింది, పీరు టోపీ ఫకీర్ల ద్వారా, సూఫీల ద్వారా వచ్చి ఉండొచ్చు. పెనుకొండలో బాబయ్య అనే సూఫీ ఫకీరు దర్గా ఉంది, అదే పెనుకొండ తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయింది. ఒకే కొండ కింద రెండు రకాల కుళ్లాయిలూ తిరిగాయి. ఒకదాని నుంచి ఇంకొకటి పుట్టింది అని మాత్రం ఇప్పుడే రాయొద్దు, తర్వాత దాన్ని ఎవరో పాఠ్యపుస్తకంలో పెడతారు.

రేనాటి_రాయి | సోమవారం ఉదయం 9:25

పెద్దాయన మాటే నా మాట. ఇంకొకటి, మార్షల్ హాడ్జ్‌సన్ అనే పండితుడు 1970లలో వచ్చిన తన పుస్తకంలో ఒక తేడా చూపించాడు. ఇస్లాం మతానికి చెందింది ఒకటి, ఆ మతం ఉన్న రాజ్యాల్లో పెరిగి మతంతో పని లేకుండా అందరూ వాడుకున్న నాగరికం ఇంకొకటి. రెండో దానికి ‘ఇస్లామికేట్’ అని పేరు పెట్టాడు. రాయలవారి కుళ్లాయి ఆ రెండో రకం. పీరు కుళ్లాయి మొదటి రకం. ధర్మవరం తమ్ముడి జేజి కుట్టిన కుళ్లాయి ఏ రకం? దేనికీ చెందదు, అది బిడ్డ చెవులకు చలిగాలి తగలకుండా కుట్టింది. దీనికి తెలుగులో ఏం పేరు పెట్టాలో ఎవరైనా చెప్పండి, నేను ‘సుల్తానీ నాగరికం’ అని రాసుకుంటున్నాను గానీ తృప్తిగా లేదు.

హిందూపురం_అక్క | సోమవారం మధ్యాహ్నం 12:40

‘దర్బారీ’ అంటే సరిపోదా? దర్బారీ వేషం, దర్బారీ మర్యాద. ఆ మాట కూడా పారశీకమే, మనందరికీ అర్థమవుతుంది.

రేనాటి_రాయి | సోమవారం మధ్యాహ్నం 12:55

అక్కా, బాగుంది. రాసుకున్నాను.

శింగనమల_చెరువు | సోమవారం రాత్రి 8:45

ఇవాళ బడిలో పిల్లోడికి చెప్పాను. పాఠం పక్కన పెట్టి ఒక పీరియడ్ అంతా ఇదే. బోర్డు మీద కుళ్లాయి అని రాసి కింద కులాహ్, కులావి, కులాయ్ అని రాశాను. లేపాక్షి బొమ్మ ఫోన్‌లో చూపించాను, ఒకరి మీద ఒకరు పడి చూశారు. నార్పల అన్న చెప్పినట్టు ఇంట్లో అడిగి రమ్మన్నాను. కె. కుళ్లాయప్ప చెయ్యెత్తి అప్పుడే చెప్పాడు, "మా అవ్వ మొక్కుకున్నింది సార్, నాకు ముందు ఇద్దరు పోయినారంట" అని. క్లాసంతా నిశ్శబ్దం. కుళ్లాయమ్మ లేచి నిలబడి "మా ఇంట్లో కూడా అంతే సార్" అంది.

సంక్రాంతి సెలవుల్లో పిల్లలను లేపాక్షి తీసుకుపోవాలని హెడ్‌మాస్టర్‌ను అడిగాను, సరే అన్నారు. రేనాటి అమ్మా, నువ్వు వస్తావా? ఎన్ని తలలకు కుళ్లాయి ఉందో నలభై మంది పిల్లలు నీకు లెక్కపెట్టి ఇస్తారు.

రేనాటి_రాయి | సోమవారం రాత్రి 8:50

వస్తాను సార్. ఏ కప్పు ఎవరు లెక్కపెట్టాలో గళ్లు గీసి కాగితాలు నేనే తయారుచేసి తెస్తాను. ఒక్కో కప్పును ఇద్దరు పిల్లలు విడివిడిగా లెక్కపెట్టాలి, తేడా వస్తే మూడోసారి చూడాలి.

ధర్మవరం_మగ్గం | సోమవారం రాత్రి 9:30

పెట్టె తెరిచాను. తమ్ముడి కుళ్లాయి దొరికింది, వంకాయ రంగు పట్టు, జరీ నల్లబడింది గానీ కుచ్చు చెక్కుచెదరలేదు. అస్తరు మీద చిన్న నూనె మరక, మా జేజి ఆముదం పెట్టి తల రుద్దేది కదా, అదే. దాని కిందనే ఇంకొకటి ఉంది, ఇంకా చిన్నది, తాళ్లు కుట్టలేదు. ఎవరిదని అమ్మను అడిగాను. నాకన్నా ముందు పుట్టిన ఆడబిడ్డది అంది. ఇన్నేళ్లలో మొదటిసారి చెప్పింది. రెండూ ఫొటో తీశాను, రేపు ఇక్కడ పెడతాను.